ఇంటిదొంగను పట్టించే సూక్ష్మజీవి

పిల్లలూ! ముందుగా ఒక పని చేయండి. చొక్కా చేయి కాస్త పైకి మడిచి మీ ఎడమ భుజం చూసుకోండి. శనగగింజంత మచ్చ ఒకటి కనిపిస్తోందా? మీలో చాలామందికి ఉంటుంది. మీరు పుట్టిన కొత్తలో వేసిన బి.సి.జి. టీకా గుర్తు అది. క్షయవ్యాధి నుంచి కాపాడడానికి ఆ టీకా వేస్తారని మీరు పాఠంలో చదివే ఉంటారు. ఆ టీకాలో ఉండే సూక్ష్మజీవినే ఒక రకం కాన్సరు చికిత్సకు కూడా వాడతారని తెలుసా? ఆ సంగతి వివరంగా చెప్పవలసిన అవసరం నాకు కిందటి చలికాలంలో వచ్చింది.

మా బడి అరకు లోయలో ఉంది. కొండవాలుల్లో వలిసె పూలు పచ్చగా విరగబూసిన రోజులవి. ఒక సాయంత్రం ఆఖరి గంట కొట్టేశారు. పిల్లలంతా వెళ్ళిపోయారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం నా బల్ల దగ్గరే నిలబడింది.

"మాస్టారూ! మనిషి ఒంట్లోకి క్షయ పురుగుల్ని కావాలని పంపిస్తారా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"మా తాతకి పంపించారట."

నెమ్మదిగా సంగతంతా చెప్పింది. వాళ్ళ తాతకు కొన్ని నెలలుగా మూత్రంలో రక్తం పడుతోంది. నొప్పి లేదు కదా అని ఆయన ఎవరికీ చెప్పలేదు. చివరికి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళితే, మూత్రాశయం లోపలి పొరలో కాన్సరు గడ్డ ఉందన్నారు. సన్నని పరికరం లోపలికి పంపి దాన్ని గీకి తీసేశారు. మళ్ళీ పెరగకుండా వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు మూత్రాశయంలోకి బి.సి.జి. మందు ఎక్కించాలన్నారు. రెండుసార్లు అయింది. రెండోసారి తరువాత తాతకు చలి, జ్వరం, మూత్రంలో మంట. ఆ కాగితం చదివిన ఎవరో, "ఇది క్షయ టీకా మందు. ఇందులో ఉండేవి బతికున్న సూక్ష్మజీవులే" అన్నారు. అంతే! ఒక జబ్బుకని వెళితే ఇంకో జబ్బు అంటిస్తున్నారని ఇంట్లోవాళ్ళు నిశ్చయించుకున్నారు. మూడో వారం వెళ్ళేది లేదన్నారు.

"నానమ్మకు తెలుగు అంతగా రాదు మాస్టారూ. మా ఆదివాసీ ఒడియాలో నేనే చెప్పాలి. ముందు నాకు అర్థమయ్యేట్టు చెప్పండి" అంది ఆ అమ్మాయి.

మంచి ప్రశ్న! ఇంట్లోవాళ్ళ భయం కూడా అర్థంలేనిది కాదు. బి.సి.జి.లో ఉండేవి నిజంగా బతికున్న బాక్టీరియాలే. మరి వాటిని ఎందుకు పంపుతారు? ఆ రోజు ఆమెకు చెప్పిన సంగతులకు ఇంకొన్ని చేర్చి మీకూ చెబుతాను.

ఇంటిదొంగ ఎవరు?

మన రక్తంలో తెల్లరక్తకణాలు ఉన్నాయి. అవి మన శరీరానికి కావలివాళ్ళు. వీటిలో మాక్రోఫేజ్ అనేవి కొన్ని. ఇవి పరాయి సూక్ష్మజీవి కనిపిస్తే చుట్టుముట్టి మింగేస్తాయి. టి-కణాలనేవి మరికొన్ని. ఇవి రోగం సోకిన కణాలను గుర్తుపట్టి చంపుతాయి. ఇంత కట్టుదిట్టమైన కావలి ఉండగా కాన్సరు ఎలా పెరుగుతుంది?

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అనే సామెత మీరు వినే ఉంటారు. కాన్సరు కణం బయటినుంచి వచ్చింది కాదు. అది మన కణమే. దాని జన్యువుల్లో మార్పులు వచ్చి, "ఇక చాలు, ఆగు" అనే ఆజ్ఞను లెక్కచేయకుండా విభజన చెందుతూ పోతుంది. అయినా దాని పైపొర మీద చాలావరకు మన ఇంటి గుర్తులే ఉంటాయి. ఊరికుక్క ఊళ్ళో మనిషిని చూసి మొరగదు కదా! అలాగే కావలి కణాలు దాన్ని చూసీ ఊరుకుంటాయి. పైగా కొన్ని కాన్సరు కణాలు సి.డి. 47 అనే ప్రొటీనును తమ పైపొర మీద దండిగా నిలుపుకుంటాయి. అది "నన్ను తినకు" అని మాక్రోఫేజ్‌కు చూపించే చీటీ అన్నమాట.

బాక్టీరియా సంగతి అలా కాదు. దాని గోడ వేరు, దాని పదార్థాలు వేరు. కావలి కణాలు దాన్ని చూడగానే పరాయిదని పసిగడతాయి. మరి ఇంటిదొంగ దాక్కున్న గదిలోకే ఒక పరాయివాణ్ణి పంపితే? కుక్కలన్నీ మొరుగుతాయి. ఊరంతా దివిటీలతో అక్కడికి చేరుతుంది. ఆ వెలుగులో ఇంటిదొంగ కూడా దొరికిపోతాడు. మన కథకు మూలమైన ఆలోచన ఇదే.

మచ్చికైన సూక్ష్మజీవి

ఈ ఆలోచన కొత్తది కాదు. న్యూయార్కులో విలియం కోలీ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. మెడ మీద గడ్డ ఉన్న ఒక రోగికి చర్మం మీద తీవ్రమైన బాక్టీరియా వ్యాధి సోకి, అది తగ్గేసరికి గడ్డ కూడా మాయమైందని ఆయన పాత రికార్డుల్లో చూశాడు. 1891లో కాన్సరు రోగులకు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాను తానే ఎక్కించి చూశాడు. కొందరికి గడ్డలు కరిగాయి. కొందరికి ఆ బాక్టీరియాయే ప్రాణం మీదికి తెచ్చింది. ఆ రోజుల్లో యాంటీబయోటిక్ మందులు లేవు. తరువాత ఆయన చంపిన బాక్టీరియాను వాడాడు. కాలక్రమాన రేడియేషన్ చికిత్స రావడంతో ఆ పద్ధతి మూలపడింది.

కోలీ అనుభవం ఒక పాఠం నేర్పింది. కావలివాళ్ళను లేపేటంత పరాయిదీ, మనిషిని చంపలేనంత సాధువూ అయిన సూక్ష్మజీవి కావాలి. అటువంటిది ఫ్రాన్సు దేశంలో వేరే పనికోసం తయారైంది.

ఫ్రాన్సులోని లిల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పశువులకు క్షయ తెచ్చే బాక్టీరియాను తీసుకున్నారు. 1908లో దాన్ని బంగాళాదుంప, గ్లిజరిన్, ఎద్దు పిత్తరసం కలిపిన ఆహారం మీద పెంచడం మొదలుపెట్టారు. కొన్ని వారాలకొకసారి కొత్త ఆహారం మీదికి మార్చేవారు. తోడు తీసి తోడు వేసినట్టు 13 ఏళ్ళలో 230 సార్లు మార్చారు. మధ్యలో ప్రపంచయుద్ధం వచ్చినా పని ఆపలేదు. అడవిలో తిరిగే జంతువును తరతరాలుగా పెరట్లో పెంచితే సాధువైనట్టు, ఆ బాక్టీరియా రోగం కలిగించే శక్తిని పోగొట్టుకుంది. దాని జన్యువుల్లో కొన్ని రాలిపోయాయని చాలాకాలం తరువాత తెలిసింది. 1921లో దాన్ని మొదటిసారి ఒక పసిబిడ్డకు టీకాగా ఇచ్చారు. బి.సి.జి. అన్న పేరులో బి అంటే బాసిలస్. సి, జి అన్నవి ఆ ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు.

ఈ కథలో మన తెలుగు ఊరికి కూడా చోటుంది. రాయలసీమలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అనే చోట పేరున్న క్షయ ఆసుపత్రి ఉండేది. మన దేశంలో బి.సి.జి. టీకాలు ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అది 1948వ సంవత్సరం. ఆ ఏడే మద్రాసులోని గిండీలో బి.సి.జి. తయారుచేసే ప్రయోగశాల వెలిసింది. ఆరోగ్యవరం వైద్యుడు ఫ్రీమోట్ మోలర్, ఆయన సహచరులు 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి క్షయ ఎవరికి వస్తోందో, టీకా ఎంతవరకు కాపాడుతోందో ఏళ్ళ తరబడి లెక్క కట్టారు. ఒక మందు ఎంత పనిచేస్తుందో నమ్మకం మీద కాక లెక్క మీద తేల్చాలని చూపిన పని అది.

ఆరు సీసాల కథ

మరి క్షయ టీకా మూత్రాశయంలోకి ఎలా వచ్చింది? కెనడా దేశంలోని కింగ్‌స్టన్ నగరంలో మొరాలెస్ అనే వైద్యుడు మూత్రాశయ కాన్సరున్న 9 మంది రోగులకు బి.సి.జి.ని మూత్రాశయంలోకి ఎక్కించి, 1976లో ఫలితాలు ప్రకటించాడు. గడ్డలు మళ్ళీ మళ్ళీ రావడం బాగా తగ్గింది. తరువాత ఎన్నో పరీక్షలు జరిగాయి. 1990లో అమెరికా ప్రభుత్వం ఈ చికిత్సను ఆమోదించింది. ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్నారు.

వారానికొకసారి చొప్పున ఆరు వారాలే ఎందుకు? నవ్వకండి! ఆ వైద్యుడికి అందిన మందు పెట్టెలో ఆరు సీసాలు ఉండేవట. ఆ లెక్కే నిలిచిపోయింది.

ఈ చికిత్సకు మూత్రాశయం అనువైన చోటు. అది ఒక సంచి వంటిది. సన్నని గొట్టం ద్వారా మందు నింపి, రోగిని రెండు గంటలపాటు మూత్రం ఆపుకోమంటారు. ఆలోగా బాక్టీరియాలు లోపలి పొరకు అంటుకుంటాయి. కొన్ని కణాల లోపలికి కూడా పోతాయి. ఆ కణాలు ప్రమాద సంకేతాలుగా కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి జాడ పట్టుకుని తెల్లరక్తకణాలు గుంపులుగా వచ్చిపడతాయి. బాక్టీరియా మీదికి వచ్చిన దండు పక్కనే ఉన్న కాన్సరు కణాలను కూడా పట్టుకుంటుంది. చూశారా! బి.సి.జి. తానుగా కాన్సరును హతమార్చేస్తోందని కాదు. నిద్రపోతున్న కావలివాళ్ళను లేపుతోంది. అసలు పోరు మన కణాలదే.

తాతకు వచ్చిన చలిజ్వరం, మంట దేనివో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. కావలివాళ్ళు కదిలినప్పుడు అటువంటివి చాలామందికి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. అయితే ఒక హెచ్చరిక! జ్వరం ఎక్కువగా ఉన్నా, తగ్గకపోయినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. అరుదుగా బి.సి.జి. రక్తంలోకి చేరి శరీరమంతా పాకే ప్రమాదం ఉంది. అప్పుడు క్షయకు వాడే మందులతోనే దాన్ని అణచుతారు. కనుక నానమ్మ భయం పూర్తిగా తప్పు కాదు. ఆ భయాన్ని ఇంట్లో దాచుకోకుండా వైద్యుడి దగ్గర బయటపెట్టాలి, అంతే.

సూక్ష్మజీవికి చదువు చెబితే?

బి.సి.జి. అందరికీ పనిచేయదు. కొందరికి చికిత్స తరువాత కూడా గడ్డలు తిరిగివస్తాయి. అప్పుడు శాస్త్రజ్ఞులకు ఇంకో ఆలోచన వచ్చింది. 13 ఏళ్ళు ఎదురుచూసి మచ్చిక చేసుకునే కాలం పోయింది. ఇప్పుడు ఏ జన్యువు ఏ పని చేస్తుందో తెలిసిన చోట, అనవసరమైనదాన్ని తీసేసి కావలసినదాన్ని అతికించవచ్చు. దీన్నే జన్యు ఇంజనీరింగ్ అంటారు. మధుమేహం ఉన్నవాళ్ళు తీసుకునే ఇన్సులిన్ ఇలా మార్చిన సూక్ష్మజీవులు తయారుచేసినదే. మొదటగా 1982లో అది మందుగా ఆమోదం పొందింది. అక్కడ బాక్టీరియా ఫ్యాక్టరీ తొట్టిలో ఉండి మందు తయారుచేస్తుంది. ఇక్కడ ఆ ఫ్యాక్టరీనే రోగి శరీరంలోకి పంపుతారు. తేడా అదే.

బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో కౌఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన బృందం బి.సి.జి.ని ఇలాగే మార్చారు. మాక్రోఫేజ్ మింగిన బి.సి.జి. లోపల ఒక చిన్న తిత్తిలో ఇరుక్కుపోతుంది. యూరియేజ్ అనే ఎంజైము సాయంతో అది అమ్మోనియా చేసి, ఆ తిత్తిలోని ఆమ్లాన్ని తగ్గించుకుంటుంది. వీళ్ళు ఆ ఎంజైము జన్యువును తీసేశారు. లిస్టీరియా అనే వేరొక బాక్టీరియా దగ్గర తిత్తికి చిల్లులు పెట్టే ప్రొటీను ఉంది. దాని జన్యువును తెచ్చి అతికించారు. ఆ ప్రొటీను ఆమ్లంలో బాగా పనిచేస్తుంది. ఫలితంగా తిత్తి కారి, బాక్టీరియా ముక్కలు కణమంతటా చేరతాయి. కావలివాళ్ళకు మరింత గట్టిగా కేక వినిపిస్తుంది. ఈ కొత్త బి.సి.జి. పేరు వి.పి.ఎం. 1002. దీన్ని తయారుచేసేది మన దేశంలోనే, పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్.

స్విట్జర్లాండ్, జర్మనీ దేశాల్లో మామూలు బి.సి.జి. వాడినా కాన్సరు తిరిగివచ్చిన సుమారు 40 మందికి దీన్ని ఇచ్చి చూశారు. 60 వారాల తరువాత సుమారు సగం మందికి మూత్రాశయంలో కాన్సరు మళ్ళీ కనిపించలేదు. ఈ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. బాగుంది కదూ! కాని పక్కన పెట్టి పోల్చడానికి వేరే మందు తీసుకున్న జట్టు లేదు. కనుక ఇది ఆశ కలిగించే ఫలితమేగాని తుది తీర్పు కాదు.

గుసగుస గోలగా మారితే

మూత్రాశయంలోకి గొట్టం వేయవచ్చు. శరీరంలో మరోచోట పెరిగే గట్టి గడ్డ మాటేమిటి? అక్కడ బాక్టీరియాకు ఒక సౌకర్యం ఉంది. వేగంగా పెరిగే గడ్డ నడిబొడ్డుకు రక్తం సరిగా అందదు. ఆక్సిజన్ తక్కువ. కావలి కణాల తాకిడీ తక్కువే. ఆక్సిజన్ లేకపోయినా బతకగల బాక్టీరియాలకు అది చక్కని ఇల్లు.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో డనీనో, అర్పాయా అనే శాస్త్రజ్ఞుల బృందాలు ఇ. కోలై అనే బాక్టీరియాలో ఒక సాధు రకాన్ని ఎంచుకున్నాయి.

ఈ బాక్టీరియాకు వాళ్ళు రెండు పనులు నేర్పారు. మొదటిది, సి.డి. 47 అనే "నన్ను తినకు" చీటీని మూసేసే చిన్న ప్రొటీను తయారుచేయడం. రెండవది, సమయం చూసి పగిలిపోవడం. ఆ సమయం ఎలా తెలుస్తుంది? మాస్టారు లేని తరగతిలో ఒకరు గుసగుసలాడితే బయటికి వినిపించదు. అరవైమందీ గుసగుసలాడితే గోలవుతుంది, మాస్టారు బెత్తంతో వస్తారు! అలాగే ఒక్కొక్క బాక్టీరియా ఒక రసాయనాన్ని కొద్దికొద్దిగా వదులుతుంది. గడ్డలో వాటి సంఖ్య పెరిగి ఆ రసాయనం ఒక హద్దు దాటగానే, పగిలిపోయే జన్యువు పనిలోకి దిగుతుంది. చాలా బాక్టీరియాలు ఒక్కసారిగా పగిలి, మందును గడ్డలోనే ఒలికిస్తాయి. మిగిలిన కొద్ది మళ్ళీ పెరుగుతాయి, మళ్ళీ పగులుతాయి. 2019లో వెలువడిన ఈ ప్రయోగంలో ఎలుకల్లో గడ్డలు కుంచించుకుపోయాయి. బాక్టీరియా ఎక్కించని వేరే గడ్డల పెరుగుదల కూడా మందగించింది. ఒకచోట దొంగ గుర్తులు తెలుసుకున్న టి-కణాలు రెండోచోట కూడా వాణ్ణి పట్టాయన్నమాట.

ఎలుక వేరు, మనిషి వేరు

ఇంకేం, కాన్సరుకు మందు దొరికిందనుకుంటున్నారా? ఆగండి! అమెరికాలో సాల్మొనెల్లా అనే బాక్టీరియాను జన్యువులు తీసి బలహీనపరిచి, ఎలుకల గడ్డల్లోకి పంపితే అద్భుతంగా పనిచేసింది. అదే బాక్టీరియాను 25 మంది రోగులకు ఎక్కించారు. 2002లో ఫలితం వచ్చింది. రోగులు చాలావరకు తట్టుకోగలిగారు. కాని ఒక్కరి గడ్డ కూడా తగ్గలేదు. బాక్టీరియా గడ్డలో కనిపించింది ముగ్గురిలోనే. మరీ బలహీనపరిస్తే కావలివాళ్ళు దారిలోనే పట్టి పారేస్తారు. బలంగా ఉంచితే మనిషికే ముప్పు. ఈ రెండింటి మధ్య సన్నని గట్టు మీద నడవాలి. యాంటీబయోటిక్‌కు లొంగేదిగా ఉండాలి. నేర్చిన పని మరిచిపోకూడదు. ఇవన్నీ తేలాలంటే ముందు కొద్దిమంది మీద, తరువాత వందలమంది మీద జాగ్రత్తగా పరీక్షించాలి. జన్యువులు మార్చిన బాక్టీరియాలను కాన్సరు రోగుల మీద పరీక్షించే పని ఇంకా తొలిదశల్లోనే ఉంది. కనుక ఎవరైనా "బాక్టీరియాతో ఏ కాన్సరైనా నయం చేస్తాం" అంటే నమ్మకండి.

తాత సంగతి

ఆ అమ్మాయి వెళ్ళి ఇంట్లో చెప్పింది. ఇంటిదొంగ సామెతను తన భాషలో తనకు తోచినట్టు మార్చి చెప్పిందట. మర్నాడు వాళ్ళ నాన్న బడికి వచ్చాడు. ఆయన చేతనే ఆసుపత్రికి ఫోను చేయించాను. జ్వరం ఒక్కరోజులో తగ్గిందని విని, ముందు మూత్రం పరీక్ష చేసి, అంతా సరిగా ఉంటేనే తరువాతి మోతాదు ఇస్తామన్నారు వైద్యులు. ఒక వారం ఆలస్యంగా తాత మళ్ళీ బయలుదేరాడు. వారం వారం బస్సులో కొండ దిగడం, మర్నాడు కిరండోల్ పాసింజరెక్కి తిరిగి రావడం. ఇంటికి వచ్చాక ఆయన వెళ్ళిన మరుగుదొడ్డిలో బ్లీచింగ్ ద్రావణం పోసే పని ఆ అమ్మాయే చూసుకుంది. ఆసుపత్రివాళ్ళు చెప్పిన జాగ్రత్తల కాగితం ఇంట్లో చదవగలిగింది తనే మరి!

ఆరు మోతాదులూ పూర్తయ్యాయి. కొన్ని వారాల తరువాత సన్నని కెమెరా గొట్టంతో చూస్తే గడ్డ కనిపించలేదు. పూర్తిగా నయమైందని వైద్యులు అనలేదు. క్రమం తప్పకుండా పరీక్షకు వస్తూ ఉండమన్నారు. చుట్ట మానెయ్యమని కూడా గట్టిగా చెప్పారు. పొగలోని విషాలు రక్తంలో కలిసి, మూత్రంలోకి వడకట్టబడి, మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటాయి. మూత్రాశయ కాన్సరుకు పొగాకు పెద్ద కారణం. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగేవాళ్ళకు అంగిట్లో వచ్చే కాన్సరు కూడా దీని పుణ్యమే.

పిల్లలూ! మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా వైద్యుడికి చూపించాలని ఇంట్లో పెద్దలకు చెప్పండి. తాత మొదటి నెలలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆలోచించండి

1. మూత్రాశయంలోకి ఎక్కించిన బి.సి.జి. అక్కడి కావలివాళ్ళను లేపుతుంది. మరి భుజానికి వేసిన బి.సి.జి. మూత్రాశయ కాన్సరును ఎందుకు తగ్గించదు?

2. బాక్టీరియాలన్నీ ఒకేసారి పగిలిపోయి ఒక్కటి కూడా మిగలకపోతే చికిత్సకు లాభమా, నష్టమా?

జవాబులు మీ సైన్సు మాస్టారితో చర్చించండి.